పిండంలో కణాల వంశవృక్షం: కంప్యూటర్ గీసింది గీసినట్టే వాడేయొచ్చా?

సూక్ష్మదర్శి: ఎలుక పిండంలో కేంద్రకాలు వెలిగేలా చేసి వీడియో తీస్తే ఏ కణం ఎప్పుడు రెండయిందో సాఫ్ట్‌వేరే పట్టేస్తోంది. ఫ్రేమ్‌కి 99 శాతం కరెక్ట్. ఇంకా మనిషి కూర్చుని దిద్దడం దేనికి?

కణంకథ: లెక్క వేయండి. 100 ఫ్రేమ్‌ల పాటు ఒక కణాన్ని తప్పకుండా వెంటాడాలంటే 0.99ని 100 సార్లు గుణించాలి. మిగిలేది సుమారు 37 శాతం. మధ్యలో తల్లి ఒక్కసారి మారిందా, ఆ కింది సంతానమంతా వేరే ఇంటి లెక్కలో పడుతుంది.

నీలిమ: ఫ్రేమ్‌కీ ఫ్రేమ్‌కీ మధ్య ఎంత?

సూక్ష్మదర్శి: 15 నిమిషాలు.

నీలిమ: అదే తంటా. పిల్ల కేంద్రకాలు విడిపోయేది కొద్ది నిమిషాల్లోనే. అది ఫ్రేమ్‌లో పడకపోతే సాఫ్ట్‌వేర్ పక్క కణాన్ని పిల్ల అనుకుంటుంది.

సూక్ష్మదర్శి: ఎక్కువసార్లు తీస్తే కాంతి దెబ్బకు పిండమే ఎదగడం ఆగిపోతుంది. పలుచని కాంతి పొరతో తీసే లైట్ షీట్ మైక్రోస్కోప్ అయినా కాంతి కాంతే.

నీలిమ: అయినా 15 ఎక్కువే.

కణంకథ: నేనొక ల్యాబ్‌లో రాత్రిళ్లు ఇదే దిద్దాను. పైపొర కణం లోపలికి జారేటప్పుడు ఒక కేంద్రకం ఇంకోదాని కిందికి వస్తుంది, సాఫ్ట్‌వేర్ రెంటినీ కలిపి ఒకటే అంటుంది. ఒక్కొక్కటీ విడదీశాను. పేపర్లో ‘ఆటోమేటిక్ ట్రాకింగ్’ అని వేసుకున్నారు. నా పేరు కృతజ్ఞతల్లో కూడా లేదు.

సూక్ష్మదర్శి: ఆ కోపం సాఫ్ట్‌వేర్ మీద చూపిస్తే ఎలా అండీ?

కణంకథ: మీలాంటివాళ్లు ‘మనిషెందుకు’ అంటున్నందుకే ఆ పని ఎవరికీ కనబడదు!

పాతకాపు: సి. ఎలిగాన్స్ పురుగులో కణాల వంశం ప్రతిసారీ దాదాపు ఒకటే. 1983 నాటికే సల్‌స్టన్ బృందం కళ్లతో చూసి మొత్తం గీసింది. ఎలుకకు అలాంటి మ్యాప్ లేదు. రెండు కణాల దశలో ఒకదాన్ని చంపినా రెండోదాని నుంచి ఎలుక పుడుతుందని టార్కోవ్‌స్కీ 1959లోనే చూపించాడు. దేనితో సరిచూస్తారు?

సూక్ష్మదర్శి: విడి కణాల గొడవ నాకొద్దు. మందు వేసిన పిండాల్లో విభజన ఆలస్యమైందా అన్నదే నా ప్రశ్న. సగటు చాలు.

కణంకథ: అదా సంగతి! నాకు కావలసింది ఏ కణం పైపొరకు పోయింది, ఏది లోపల మిగిలింది అన్నది. సగటు నాకెందుకు?

నీలిమ: సగటుకైనా చిక్కే. ఒక విభజనను వదిలేస్తే రెండు కణ చక్రాలు (విభజనకీ విభజనకీ మధ్య కాలం) కలిసి ఒకటవుతాయి, ఆలస్యమైనట్టే కనిపిస్తుంది. మందు వల్ల కేంద్రకాలు మసకబారితే ఆ పిండాల్లోనే ఎక్కువ వదిలేస్తుంది. అప్పుడు మీరు కొలిచింది మందునా, మసకనా?

సూక్ష్మదర్శి: సరే, రెండు గుంపుల్లోంచీ కొన్ని చేత్తో చూస్తాను. అన్నీ మాత్రం కుదరదు.

కణంకథ: చూసినవాళ్ల పేరు వేస్తారా?

సూక్ష్మదర్శి: చూసేది నేనేనండీ బాబూ.