రాతి గుమ్మటమా, బండ మీది గుమ్మటమా?

జెరూసలేంలో బంగారు రంగు గుమ్మటంతో కనిపించే పాత ముస్లిం కట్టడం కుబ్బత్ అస్సఖ్రాని (ఇంగ్లిష్‌లో డోమ్ ఆఫ్ ది రాక్) తెలుగులో కొందరు 'శిలా గోపురం' అని, ఇంకొందరు 'రాతి గుమ్మటం' అని రాస్తున్నారు. గోపురం అనగానే మనకు గుడి వాకిట్లో అంతస్తులు అంతస్తులుగా లేచిన కట్టడమే కళ్లముందుకొస్తుంది కాబట్టి ఆ మాట బొత్తిగా కుదరదు. రాతి గుమ్మటం అంటే రాయితో కట్టిందనే ఎవరైనా అనుకుంటారు. కానీ దాన్ని కట్టింది చెక్కతో! సుమారు 20 మీటర్ల అడ్డుకొలతతో రెండు పొరల చెక్క చట్రం నిలబెట్టి, పైన లోహపు రేకులు పరిచారు. రాయి ఉన్నది కింద, నేలలోంచి పైకి తేలిన సహజమైన బండ. ప్రవక్త మేరాజ్‌కు, అంటే స్వర్గయాత్రకు, వెళ్లింది అక్కడి నుంచేనని ముస్లింల నమ్మకం. అందుకే నేను 'బండ మీది గుమ్మటం' అంటాను, వినడానికి మోటుగా ఉన్నా సరే.

– మసీదు అంటే పోలా? ఫొటోల కింద అందరూ అలాగే రాస్తున్నారుగా.

పోదండీ. ఈ కట్టడం ఉన్న ఆవరణ మొత్తాన్ని అల్ అఖ్సా మసీదు అనే వాడుక ఉంది, అది వేరే సంగతి. ఈ కట్టడం మాత్రం మసీదుగా కట్టింది కాదు. ఖలీఫా అబ్దుల్ మాలిక్ కొడుకు అల్ వలీద్ డమాస్కస్‌లో 705–715 మధ్య కట్టించిన మసీదు చూడండి: పెద్ద ముంగిలి, మక్కా దిక్కుకు తిరిగి వరుసలుగా నిలబడటానికి వీలుగా పొడవాటి హాలు. తండ్రి కట్టించిన ఇక్కడేమో బండ చుట్టూ గుండ్రంగా స్తంభాలు, వాటి చుట్టూ ఎనిమిది పలకలుగా మరో స్తంభాల వరుస, దాని బయట ఎనిమిది పలకల గోడ, అంటే ప్రదక్షిణగా నడవడానికి అనువైన పద్ధతి. అన్నిటికంటే గట్టి సాక్ష్యం లోపలి శాసనం. నీలం మీద బంగారు రంగు మొజాయిక్‌తో సుమారు 240 మీటర్ల పొడవున సాగే ఆ కూఫీ (పాతకాలపు అరబ్బీ లిపి) రాత, 'ఈ కుబ్బాను కట్టించెను' అని తనే చెబుతోంది. కుబ్బా అంటే గుమ్మటం, మసీదు అనలేదు. తర్వాత వచ్చిన ఖలీఫా అల్ మామూన్, అబ్దుల్ మాలిక్ పేరు తీయించి తన పేరు పెట్టించుకున్నాడు గానీ హిజ్రీ 72 (క్రీ.శ. 691–92) అన్న సంవత్సరం అలాగే ఉండిపోయింది. అది అబ్దుల్ మాలిక్ ఏలిన కాలం, దాంతో అసలు కట్టించిందెవరో తేలిపోయింది.

– గుమ్మటం మాత్రం తెలుగు మాటా?

పారసీ గుంబద్ నుంచి వచ్చిందే, కానీ ఎప్పుడో మనదైపోయింది. బీజాపూర్ గోల్‌గుంబజ్‌లోనూ అదే మాట. అక్కడ కూడా గుమ్మటం పేరే మొత్తం కట్టడానికి పేరైంది, సరిగ్గా కుబ్బా లాగే.