అమ్మది ఊరి మీద బెంగా, డిప్రెషనా? మందు మొదలుపెట్టాలా, ఊరికి పంపాలా?

మారతహళ్లి కూతురు:
అమ్మకి 71 ఏళ్ళు. నాన్న పోయాక మదనపల్లె నుంచి బెంగళూరు తీసుకొచ్చి మా దగ్గరే ఉంచుకున్నాం. నాలుగు నెలలుగా తెల్లవారుజామున మూడింటికే లేచి సోఫాలో కూర్చుంటోంది. కాళ్ళు లాగుతున్నాయి, నోరు చేదుగా ఉంది అంటుంది తప్ప బాధ అన్న మాట రాదు, ఏడవదు. ఆరు కిలోలు తగ్గింది. షుగర్ మాత్ర వేసుకుందో లేదో గుర్తుండట్లేదు. డాక్టర్ డిప్రెషన్ అని మందు రాశారు. అన్నయ్యేమో "అది ఊరి మీద బెంగ, పంపించెయ్, పది రోజుల్లో లేచి తిరుగుతుంది" అంటున్నాడు. చీటీ ఫ్రిజ్ మీదే ఉంది, ఇంకా మందు కొనలేదు.

కె.ఆర్.పురం అన్న:
మీ అన్నయ్య మాటే నాదీ. మా నాన్నని మూడేళ్ళు తొమ్మిదో అంతస్తులో ఉంచాను. కింద పార్కులో అందరూ కన్నడ, హిందీ. ఆయనకి రెండూ రావు. ఒంగోలు దగ్గర మా ఊరికి తీసుకెళ్ళాక నెల తిరక్కుండానే కడుపునిండా తిన్నారు. పొద్దున్నే టీ కొట్టు, సాయంత్రం రామాలయం అరుగు. పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఉండాలండీ మనిషికి. ఒంటరితనానికి మాత్ర లేదు.

జయనగర్ నర్సు (రిటైర్డ్):
మీ నాన్నగారు కోలుకున్నందుకు సంతోషం. కానీ ఆయనదీ ఈవిడదీ ఒకటే అనుకోకండి. పెద్దవాళ్ళలో డిప్రెషన్ చాలాసార్లు ఏడుపుగా కనిపించదు. నిద్ర తెగిపోవడం, ఆకలి చచ్చిపోవడం, ఎక్కడెక్కడో నొప్పులు, మతిమరుపు, ఇలా బయటపడుతుంది. ముప్పై ఏళ్ళు వార్డుల్లో చూశాను. ముసలితనం కదా అని ఇంట్లోవాళ్ళు వదిలేస్తే, తిండి లేక కండ కరిగి, నడక తడబడి, తుంటి విరిగి వచ్చేవారు. షుగర్‌కీ డిప్రెషన్‌కీ రెండువైపులా లంకె ఉంది, ఒకటి ముదిరితే రెండోది అదుపు తప్పుతుంది. గుండెపోటు వచ్చినవాళ్ళకి ఇది తోడైతే ప్రాణగండం పెరుగుతుంది.

ముందు రక్త పరీక్షలో థైరాయిడ్, బి12 విటమిన్, హిమోగ్లోబిన్, సోడియం (రక్తంలో ఉప్పు) చూపించమ్మా. థైరాయిడ్ తగ్గినా, బి12 తగ్గినా ఇలాగే కనిపించవచ్చు. మతిమరుపు డిప్రెషన్ వల్లా రావచ్చు, డిమెన్షియా (మెదడు క్షీణించి మతి తగ్గే జబ్బు) మొదలూ కావచ్చు. ఇవేవీ తేల్చకుండా ఊరికి పంపితే అక్కడ ఆ షుగర్ మాత్ర ఎవరు చూస్తారు?

వైట్‌ఫీల్డ్ అల్లుడు:
మందు గురించి అంత తేలిగ్గా చెప్పకండమ్మా. మా అత్తగారికి మొదలుపెట్టిన పన్నెండో రోజు మనుషుల్ని గుర్తుపట్టలేదు. బాత్రూమ్‌లో పడ్డారు. సోడియం బాగా పడిపోయిందన్నారు. బీపీకి వేసుకునే నీటి మాత్ర (ఒంట్లో నీరు మూత్రంగా పోయేలా చేసేది) సంగతి మమ్మల్ని ముందు ఎవరూ అడగలేదు. ఆ రాత్రి అంబులెన్స్‌లో ఆవిడ చెయ్యి పట్టుకుని కూర్చున్నది నేనే. ఆ భయం ఇంకా పోలేదు.

జయనగర్ నర్సు:
మీ భయం న్యాయమైనదే బాబూ. ఆ మందుల్లో కొన్ని పెద్దవాళ్ళకి సోడియం తగ్గిస్తాయి, నీటి మాత్ర తోడైతే మరీను. అందుకే తక్కువ డోసుతో మొదలుపెట్టి, రెండు వారాల్లోపు రక్తం మళ్ళీ చూడాలి. నిద్రమాత్రలైతే పడిపోయే ప్రమాదం పెరుగుతుంది. గుణం తెలియడానికి నాలుగు నుంచి ఆరు వారాలు, ఈ వయసులో ఇంకాస్త ఎక్కువే పట్టొచ్చు. ఇంకో మాట, వయసులో ఉన్నప్పుడు ఎప్పుడైనా రోజుల తరబడి నిద్ర లేకుండా అతి హుషారుగా ఉండేవారా? ఉంటే డాక్టర్‌కి తప్పక చెప్పాలి. బైపోలార్ (అతి హుషారు, దిగులు మారిమారి వచ్చే జబ్బు) అయితే వైద్యం వేరు.

కె.ఆర్.పురం అన్న:
పరీక్షలకి నాకూ అభ్యంతరం లేదు. మాత్ర ఇచ్చి గదిలో ఒంటరిగా వదిలేయడమే వద్దంటున్నా.

మారతహళ్లి కూతురు:
రాత్రి పక్కన పడుకుని అడిగాను. "నాకెందుకే ఇంకా అన్నం, దండగ" అంది.

జయనగర్ నర్సు:
ఆ మాటని విననట్టు వదలకు తల్లీ. చచ్చిపోవాలనిపిస్తోందా అని నేరుగానే అడుగు, అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు. ఒంటరిగా ఉంచకు, మాత్రలన్నీ నీ దగ్గర దాచు. టెలిమానస్ (ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్) 14416కి ఇప్పుడే ఫోన్ చెయ్, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. అవునంటే మాత్రం రాత్రయినా సరే ఇక్కడి మానసిక వైద్య ఆసుపత్రి నిమ్హాన్స్ ఎమర్జెన్సీకి తీసుకెళ్ళు.

మారతహళ్లి కూతురు:
అడిగాను. "చావాలని లేదే, మీకు భారంగా ఉన్నాననిపిస్తోంది" అని మొదటిసారి ఏడ్చింది. 14416 వాళ్ళతోనూ మాట్లాడాను. పొద్దున రక్త పరీక్షకి ఇచ్చొచ్చాం. అమ్మ కూడా బీపీకి నీటి మాత్రే వేసుకుంటోంది, ఆ చీటీ కూడా రేపు డాక్టర్‌కి పట్టుకెళ్తున్నా. అన్నయ్య శనివారం పిన్నిని వెంటబెట్టుకుని వస్తున్నాడు. పిన్ని నెల రోజులు ఇక్కడే ఉంటుందట.