ఇంటిబడి పుస్తకాల లిస్టు: మొత్తం చదివించాలా, ఏరుకోవాలా?

హన్మకొండ_అమ్మ:
అందరికీ నమస్తే. ఈ జూన్ నుంచి మా పాపను బడికి పంపకుండా ఇంట్లనే చదివిస్తున్నం. ఏడేండ్లు నిండినయ్. ఆంబుల్‌సైడ్ ఆన్‌లైన్ అని అమెరికా తల్లులు తయారుచేసిన ఉచిత సిలబస్ ఒకటి పట్టుకున్న. షార్లట్ మేసన్ (1842–1923) అనే ఇంగ్లండు టీచరమ్మ పద్ధతి అది. పాఠ్యపుస్తకాలు ఉండవు, అన్నీ అసలు పుస్తకాలే. చదివి వినిపించాలె, విన్నది పిల్ల తన మాటల్ల తిరిగి చెప్పాలె.

పద్ధతి నచ్చింది. లిస్టే చేంతాడంత ఉన్నది. మొదటి ఏడుకే ఇంగ్లండు రాజుల చరిత్ర, అమెరికా పిట్టల పుస్తకం, ఈసపు కథలు, కిప్లింగ్ కథలు, షేక్‌స్పియర్ నాటకాల కథలు, బైబిలు, కవితలు, కెనడాల ఒక చెక్క పడవ కథ. ఇవి కాక తీరిక వేళ చదువుకొమ్మని ఇంకో లిస్టు. మా వారేమో "సగం కొట్టెయ్" అంటున్నరు. ఇదే నడుపుతున్న తెలిసిన ఒకామె "ఒక్కటి తీసినా వరుస చెడుతది" అంటున్నది. ఏరుకోవచ్చా? ఏరుకుంటే దేన్నిబట్టి?

కాజీపేట_జంక్షన్:
అక్కా, పుస్తకాల ముచ్చట తర్వాత. పదో తరగతి సంగతేంది? 2009ల విద్యాహక్కు చట్టం వచ్చినంక గూడ బడి మాన్పిస్తమంటే నాకు సమజైతలేదు.

కరీంనగర్_ఇంటిబడి:
అన్నా, పద్నాలుగేండ్లు నిండితే ఎన్‌ఐఓఎస్‌ల, అంటే జాతీయ ఓపెన్ స్కూల్ల, పది రాయొచ్చు. మన తెలంగాణ ఓపెన్ స్కూల్ సొసైటీల గూడ అదే వయసు. చట్టం ముచ్చటకు ఇదివరకే వేరే చర్చ ఉన్నది, అక్కడ కొట్లాడుదాం రండి.

చెల్లె, నీ ప్రశ్నకు వస్తున్న. నా మాట: కొట్టెయ్యొద్దు. లిస్టు పొడుగు చూసి భయపడేటోళ్ళు చానామంది దాన్ని చదివే తీరు చూస్తలేరు. ఏడాదికి 36 వారాలు, పన్నెండేసి వారాలకు ఒక టర్మ్. ఏ పుస్తకమైనా వారానికి ఒక అధ్యాయమో, నాలుగైదు పేజీలో. అన్ని పుస్తకాలు పక్కపక్కన నడుస్తయ్. సోమవారం రాజుల కథ, మంగళవారం పిట్టలు, బుధవారం పడవ, గట్ల. ఏడేండ్ల పిల్లకు ఒక పాఠం ఇరవై నిమిషాలు దాటకూడదని మేసన్ లెక్క. ఒక పుస్తకం అయినంక ఇంకోటి మొదలుపెడుదామనుకుంటే ఎవలికైనా కండ్లు తిరుగుతయ్.

ఇంకో మాట. ఏరుకునుడు అంటే చిన్న పనేం కాదు. ఒకటి తీస్తే దాని జాగల ఏం పెట్టాలె, ఎన్ని పేజీలు, ఎప్పుడు పెట్టాలె అని రాత్రి పదకొండింటి దాకా ఫోన్ ముందట కూసుంటవ్. తెల్లారి పిల్లకు చదివి వినిపిచ్చే ఓపిక ఉండదు. నేను చూసిన ఇండ్లల్ల ఇంటిబడి ఆగిపోయింది చానావరకు ఇందుకే. లిస్టు కష్టమై కాదు, సొంత లిస్టు రాసుకోబోయి.

పాతపుస్తకాల_సారు:
కరీంనగర్ మేడమ్ పుస్తకాల నడక గురించి చెప్పింది అక్షరాలా నిజం. కానీ ఆ నడకలో ఏం నడుస్తోందన్నది వేరే ప్రశ్న.

మొదటి ఏడు చరిత్ర పుస్తకం 1905లో అచ్చయిన ఇంగ్లండు కథ. ఆ ఏడు పాఠం 1066 దగ్గర ఆగుతుంది. అంటే హనుమకొండలో పుట్టిన పిల్ల ఏడాదంతా కష్టపడి, ఆ ఏడు ఇంగ్లండును గెలిచిన విలియం రాజు దాకా వస్తుంది. ఆ పిల్ల ఇంటికి కూతవేటు దూరంలో 1163 నాటి వేయిస్తంభాల గుడి ఉంది. దాన్ని ఎవరు కట్టించారో ఏ వారంలోనూ రాదు. పై ఏళ్ళలో అదే పుస్తకం 1857 దాకా పోతుంది. ఆ తిరుగుబాటును ఇంగ్లండు వైపు నిలబడి చెబుతుంది. రాసినామె తన దేశం పిల్లల కోసం రాసుకుంది, అందులో ఆమె తప్పేమీ లేదు. మనం దాన్ని మన పిల్లకు మొట్టమొదటి చరిత్రగా పెట్టడమే నాకు మింగుడుపడదు.

ఇంగ్లండులో పుట్టిన ఆ పద్ధతి ముందుగా సొంత దేశం కథ చెప్పమంటుంది. ఆ సూత్రాన్ని ఇక్కడ పాటిస్తే ఆ పుస్తకమే పోతుంది. లిస్టు రాసినవాళ్ళ మాట వినాలా, లిస్టు వెనకున్న మాట వినాలా?

జమ్మికుంట_నాన్న:
సార్, కాకతీయుల మీద ఏడేండ్ల పిల్లకు చదివి వినిపిచ్చే పుస్తకం ఏది? నాకు దొరికినయ్ రెండే రకాలు. ఒకటి బొమ్మలతోని పన్నెండు పేజీలది, పది నిమిషాల్ల అయిపోతది. ఇంకోటి గ్రూప్స్‌కు చదివేటోళ్ళ కోసం రాసింది. నడుమ ఏం లేదు. ఇంగ్లీషు లిస్టు పొడుగున్నదని ఏడుస్తున్నం గని, తెలుగుల గసొంటి లిస్టు రాద్దామంటే పది పేర్లు దాటతలేవు.

పాతపుస్తకాల_సారు:
నిజమే, ఎనిమిది నుంచి పన్నెండేళ్ళ మధ్య పిల్లలకు అధ్యాయాలుగా సాగే తెలుగు పుస్తకాలు తక్కువ. దానికి నా దగ్గర మందు లేదు. కానీ ఈ వయసులో చరిత్ర అంటే పుస్తకమే కావాలా? ఒక్క ఉదాహరణ చెబుతాను.

గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో ఒక శాసనం వేయించాడు. అంతకుముందు రాజులు తుఫానుకు పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లో సరుకంతా తీసేసుకునేవాళ్ళు. ఈయన "మేము సుంకం మాత్రమే తీసుకుంటాం, మిగతాది మీదే" అని పరదేశపు వర్తకులకు అభయం ఇచ్చాడు. ఓడ పగిలి, ఉన్నదంతా పోయిందనుకుని ఒడ్డున కూర్చున్న వ్యాపారి దగ్గర మొదలుపెట్టి చెప్పండి. ఏడేళ్ళ పిల్లకు అర్థం కానిది అందులో ఏముంది? చెప్పాక మ్యాపు తీసి మోటుపల్లి ఎక్కడుందో, ఓరుగల్లు ఎక్కడుందో చూపిస్తే ఆ వారం భూగోళం కూడా అయిపోయినట్టే. ఇంకో వారం రామప్ప. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించాడు. నీళ్ళలో తేలే ఇటుకలతో గోపురం ఎందుకు కట్టారో పిల్లనే ఊహించమనండి. ఇంకో వారం చందుపట్ల శాసనం. రుద్రమదేవి ఎప్పుడు పోయిందన్నది 1289 నాటి ఆ రాతి వల్లే మనకు తెలిసింది. ఇట్లా 36 వారాలకు సరిపడా మన నేల మీదే దొరుకుతాయి.

కరీంనగర్_ఇంటిబడి:
మీరు సారు కాబట్టి దొరుకుతయ్. ఇవన్నీ మీకు నోటికొచ్చు. వారం వారం ఒక శాసనం వెతికి, సదివి, దాన్ని కథగ మలిచి చెప్పాలంటే ఇంట్ల అన్నం ఎవలు వండాలె? తెరిస్తే చదవడానికి తయారుగ ఉండేదే పుస్తకం.

మానుకోట_టీచర్:
నేను ప్రభుత్వ బడిలో తెలుగు చెబుతాను, ఇంటిబడి మనిషిని కాను. ఒక్కటి అడగాలని ఉంది. ఈ గొడవంతా పెద్దవాళ్ళదే, పాప ఏమంటోంది?

మా బడి లైబ్రరీ పీరియడ్లో పుస్తకాలు అల్మారాలో నిలబెట్టి ఉంచితే ఎవరూ ముట్టరు. చాప మీద అట్టలు పైకి కనబడేటట్టు పరిస్తే ఐదు నిమిషాల్లో ఏరుకుంటారు. రెండు పేజీలు తిప్పి పక్కన పెట్టేస్తారు, ఇంకోటి తీస్తారు. మూడోదో నాలుగోదో పట్టుకుని మూలకు పోయి కూర్చుంటారు. ఆ మూలకు పోయిన పుస్తకమే లెక్క. ప్రథమ్ బుక్స్ వాళ్ళ స్టోరీవీవర్ వెబ్‌సైట్లో తెలుగు కథలు స్థాయిలవారీగా ఉచితంగా ఉన్నాయి, ప్రింటు తీసుకోవచ్చు. "మంచి పుస్తకం" అనే ప్రచురణ సంస్థ వాళ్ళవి, నేషనల్ బుక్ ట్రస్టు వాళ్ళవి పెద్ద ధర ఉండవు. మీ తీరిక వేళ లిస్టు పూర్తిగా పాపకే వదిలేయండి. అందులో మీరు వేలు పెట్టొద్దు.

హన్మకొండ_అమ్మ:
టీచర్‌గారూ, అడిగిన మేడమ్. పడవ కథ కావాలంటది. ఆదివాసీ పిల్లగాడు చెక్కతోని చిన్న పడవ చెక్కి మంచుల పెడితే, అది పెద్ద సరస్సులన్నీ దాటి సముద్రం చేరుతది. 1941 నాటి పుస్తకం. మొదలుపెట్టిన కొత్తల ఒక ముచ్చటైంది, ఇక్కడ అడుగుదామనుకున్న. చదివినంక "ఏం విన్నవో చెప్పు బిడ్డా" అంటే ఇంగ్లీషుల రెండు ముక్కలు చెప్పి ఆగిపోయింది. తెలుగుల చెప్పుమన్న. ఇగ ఆగలే. మంచు కరిగినంక పడవ జారే తీరు చేతులతోని చూపించుకుంట చెప్పింది. పడవ మీద ఏం చెక్కి ఉన్నదో నేను మర్చిపోయిన, అది చెప్పింది. నన్ను నీళ్ళల్ల వెయ్యి, నేను సముద్రం పోతున్న అని రాసి ఉంటది. ఇంగ్లీషు పుస్తకం తెలుగుల చెప్తే లెక్కకు వస్తదా?

మానుకోట_టీచర్:
రాకపోవడమేంటి? విన్నది మనసులో బొమ్మ కట్టింది కాబట్టే ఆ మాటలొచ్చాయి. ఇంగ్లీషులోనే చెప్పాలంటే ఆ వయసు పిల్లలు తెలిసిందంతా చెప్పరు, నోటికి వచ్చినంతే చెబుతారు. మీరేమో పిల్లకు అర్థం కాలేదనుకుని పుస్తకం మారుస్తారు.

కరీంనగర్_ఇంటిబడి:
దీన్ల టీచర్‌గారితోనే ఉన్న. మేము గూడ మొదటి రెండేండ్లు తెలుగులనే చెప్పిచ్చినం. రాసుడు పదేండ్లు వచ్చినంకనే. ఒక్కటే షరతు. ఒక్కసారే చదవాలె. మళ్ళ చదువుతమని తెలిస్తే పిల్లలు చెవి పెట్టరు.

జమ్మికుంట_నాన్న:
ఇక్కడ ఎవలూ చెప్పని సంగతి నేను చెప్త. చదివేది పిల్ల కాదు, మనం. నేను చదువుకున్నది తెలుగు మీడియం. కిప్లింగ్ కథ గట్టిగ చదువుదామని కూసుంటే ఒక వాక్యం నాలుగు లైన్లు పోతది. నేను తడబడితే మా వాడు నా మొఖం చూస్తడు. అందుకని నా లెక్క సింపుల్: ఒక పేజీ గట్టిగ చదివి చూస్త. మూడు చోట్ల ఆగితే ఆ పుస్తకం పక్కకు. ఎంత గొప్పదైనా సరే. పాతయ్ చానావరకు లిబ్రివాక్స్‌ల ఫ్రీగ ఆడియో ఉన్నయ్, అవి పెట్టి వాడు, నేను ఇద్దరం వింటం.

కాజీపేట_జంక్షన్:
గీ మాట నచ్చింది తమ్మీ. నేను గూడ ఒకటి చెప్త. మా పిల్లలు బడికే పోతరు, అయినా గని పండుకునేటప్పుడు చదివి వినిపిస్త. "రైలుబడి" చదివిర్రా? జపాన్ల రైలు డబ్బాలల్ల నడిచిన బడి, తొత్తోచాన్ అనే పిల్ల కథ. తెలుగుల మంచిగున్నది. మాది రైల్వే క్వార్టర్, ఇగ చెప్పాల్నా, మా చిన్నోడు యార్డుల పాత బోగీ కనబడితే చాలు, అండ్ల బడి పెట్టుమంటడు. నడుమ సైజు పుస్తకం లేదన్నరు గద, ఇది ఉన్నది.

కరీంనగర్_ఇంటిబడి:
మంచి పుస్తకం. లిస్టుల లేదు గని నేను గూడ కలిపిన. చూసిర్రా, కలుపుకోనికి నేను అడ్డం లేను. తీసుడే వద్దంటున్న.

పాతపుస్తకాల_సారు:
కలుపుతూ పోతే చేంతాడు ఇంకా పొడుగైతది మేడమ్! ఏదో ఒకటి తీయాల్సిందే. పిట్టల పుస్తకం సంగతి చూడండి. 1919 నాటిది. కుందేలు ఒక్కో పిట్టతో మాట్లాడే కథ, చెప్పిన తీరు ముచ్చటగా ఉంటుంది. కానీ అందులో పిట్టలన్నీ అమెరికావి. పాప వడ్డేపల్లి చెరువు కట్ట మీద నిలబడితే కనబడేవి కొంగ, నీటికాకి, లకుముకి పిట్ట. కరెంటు తీగ మీద ఏట్రింత, చేల వైపు పోతే పాలపిట్ట. పుస్తకంలో చదివిన పిట్ట బయట కనబడాలి, అప్పుడే ఆ పాఠానికి అర్థం.

కరీంనగర్_ఇంటిబడి:
ఇక్కడ నేను ఒప్పుకోను సార్. నేను చదివిన. ఆ పుస్తకం పిట్టల పేర్లు నేర్పదు, చూసుడు నేర్పుతది. గూడు ఎక్కడ కట్టింది, తోక ఎట్ల ఊపుతది, ఆడదానికి మొగదానికి రంగుల తేడా ఏంది అని. అది చదివినంకనే మా పిల్లలు మా పెరట్ల పికిలిపిట్ట గూడు కనిపెట్టిర్రు. అమెరికా పిట్ట మీద నేర్చుకున్న చూపు మన పిట్ట మీద పనిచేస్తది.

పాతపుస్తకాల_సారు:
ఇది నేను ఆలోచించని కోణం. పిట్టల విషయంలో వెనక్కి తగ్గుతున్నాను. రాజుల విషయంలో మాత్రం తగ్గను.

హన్మకొండ_అమ్మ:
అందరి మాటలు చదివిన. మా ఇంటికి నేను అనుకున్నది చెప్త, తిట్టేటోళ్ళు తిట్టుర్రి. పడవ కథ, పిట్టల పుస్తకం, ఈసపు కథలు ఉంటయ్, వారం లెక్క ప్రకారమే. పడవ చదివిన దినం మ్యాపుల గోదావరి గూడ గీస్తం, త్ర్యంబకం కాడి నుంచి, కాళేశ్వరం కాడ ప్రాణహిత కలిసే దాకా ముందు. కిప్లింగ్ ఆడియోల. షేక్‌స్పియర్ ఈ ఏడు వద్దు. బైబిలు జాగల మా అత్తమ్మ పోతన గజేంద్రమోక్షం పద్యాలు చెప్తనన్నది, ఆమెకు మస్తు వచ్చు. ఇంగ్లండు రాజులు బంద్. సారు చెప్పిన ఓడ కథతోని మొదలుపెడ్త. తీరిక వేళయి చాప మీద పరుస్త.

కరీంనగర్_ఇంటిబడి:
నీ ఇల్లు, నీ ఇష్టం చెల్లె. పద్యాల సంగతి బాగున్నది. రాజుల జాగ మాత్రం ఖాళీగ పెట్టుకుంటున్నవ్. ఓడ కథ ఒక్క వారానికి వస్తది. రెండో వారానికి ఏం చెప్తవో ఇప్పుడే రాసిపెట్టుకో. లేకపోతే దసరా కల్ల ఆ గంట పోయి టీవీ అయితది.

పాతపుస్తకాల_సారు:
మేడమ్ భయం సబబే. నాకు వారం టైం ఇవ్వండి. పన్నెండు వారాలకు పన్నెండు కథలు, ఒక్కోటి గట్టిగా చదివితే పది నిమిషాలకు మించకుండా రాసి ఇక్కడే పెడతాను. రాజరాజ నరేంద్ర భాషా నిలయంలో పాత పుస్తకాలు కూడా చూసుకోవాలి. తప్పులుంటే టీచర్‌గారు దిద్దాలి.

మానుకోట_టీచర్:
దిద్దుతాను సార్. సంధులు, సమాసాలు ఎక్కువైతే మాత్రం వెనక్కి పంపుతా.

జమ్మికుంట_నాన్న:
సార్, నాక్కూడ. నాలుగు లైన్ల వాక్యాలు వద్దు.