కోతుల తిండి మీద పీహెచ్‌డీ: పది నిమిషాల స్కాన్ ఒక్కటే సరిపోతుందా?

కొమ్మచివర:
అందరికీ నమస్తే. ఈమధ్యే పీహెచ్‌డీలో చేరాను, ఉష్ణమండల అడవుల్లో కోతులు ఏం తింటాయి, ఎలా ఎంచుకుంటాయి అన్నది టాపిక్. గైడ్ గారు స్కాన్ శాంప్లింగ్ చేసుకోమన్నారు, అంటే పది నిమిషాలకోసారి గుంపులో కనబడ్డ ప్రతి కోతి ఆ క్షణంలో ఏం చేస్తుందో చెక్‌షీట్‌లో టిక్ కొట్టుకోవడం. పైలట్‌గా చేసి చూస్తే లేతాకులు ఇంత శాతం పండ్లు ఇంత శాతం అని నీట్‌గానే వస్తోంది, అదే డౌటు, మరీ నీట్‌గా వస్తోంది. చుట్టూ పచ్చగా ఆకులుంటే ఒక చెట్టు వదిలేసి దూరంగా ఉన్న అదే జాతి చెట్టు దగ్గరికి పనిగట్టుకుని వెళ్తాయి, నా చెక్‌షీట్‌లో అది ఎక్కడా కనబడదు. ఫోకల్‌కి, అంటే ఒక్క కోతినే ఎంచుకుని అది చేసేదంతా వరసగా రాసుకునే పద్ధతికి, మారాలా? రెండూ చేసినవాళ్ళుంటే కాస్త చెప్పండి.

చెట్టుకింద:
శాతం సరే, దేనిలో శాతం? నువ్వు లెక్కేసేది టైమ్‌లో శాతం, తిండిలో కాదు. కాపుచిన్ కోతి పురుగుల కోసం ఎండిన బెరడు పీక్కుంటూ అరగంట కూర్చుంటుంది, దానికి దొరికేది ఎంత? అదే మేడి జాతి చెట్టు కాసినప్పుడు పది నిమిషాల్లో పొట్ట నింపేసుకుంటుంది. నీ పేపర్లో పురుగులు ఎక్కువ, మేడిపండ్లు తక్కువ అని వస్తుంది. చాలామంది థీసిస్‌లలో ఇదే తంతు, ఎగ్జామినర్లు కూడా అడగరు.

స్కాన్‌తో ఇంకో ఇబ్బంది, బయటి కొమ్మ మీద కూర్చున్నది కనబడుతుంది, తీగల గుబురులో ఉన్నది కనబడదు. పండు ఎక్కువగా బయట అంచుల్లో ఉండే చెట్టయితే పండు తిండి ఎక్కువైపోయినట్టు లెక్క వస్తుంది. పైగా గుంపంతా ఒకేసారి ఒకే చెట్టెక్కి తింటుంది కాబట్టి ఒక స్కాన్‌లో ఎనిమిది కోతులు తింటున్నాయని ఎనిమిది వేర్వేరు డేటా పాయింట్లు అనుకోకు, తర్వాతి స్కాన్‌లోనూ అవే అక్కడే ఉంటాయి. స్టాటిస్టిక్స్‌కి రోజునో, ఒక్కో జంతువునో యూనిట్‌గా పెట్టుకో.

జీన్ ఆల్ట్‌మన్ 1974లో రాసిన శాంప్లింగ్ పద్ధతుల పేపర్ ఇప్పటికీ చదవాల్సిందే. ఆవిడ పనిచేసింది కెన్యాలోని అంబోసెలీలో బబూన్ కోతుల మీద, అయినా ఏ ప్రశ్నకి ఏ పద్ధతి నప్పుతుందో అక్కడ తేలిపోతుంది.

దవడసంచి:
పైనాయన చెప్పింది కరెక్టే కానీ ఫోకల్ అంటే సుఖం అనుకోవద్దు. ఒక్క కోతినే పట్టుకుని వెనకాల పడాలి, అది ముప్పై మీటర్ల ఎత్తున ఉంటే నీ మెడ పోతుంది. చేయగలిగితే మాత్రం లాభం పెద్దది, నిమిషానికి ఎన్ని పండ్లు నోట్లో పెట్టుకుంది, ఎన్ని ఆకులు తెంపింది అని లెక్కపెట్టొచ్చు. దానికి తోడు అదే చెట్టు కింద అలాంటి పండ్లే ఏరి, కోతి వదిలేసే తొక్కా గింజా తీసేసి, తినే భాగం మాత్రం ఆరబెట్టి తూకం వేస్తే అది తిన్న పొడి బరువు ఎంతో వస్తుంది.

కోతి ఏం పారేస్తుందో కూడా చూడు. హౌలర్ కోతులు కొన్ని చెట్ల దగ్గర ఆకు తెంపి తొడిమ మాత్రం నమిలి మిగతా ఆకంతా కింద పడేస్తాయి. నువ్వు ఆకు అని టిక్ పెడతావు, అది తిన్నది ఆకే కాదు. చెట్టు కింద పడ్డ ముక్కలు ఏరుకుని చూస్తే పళ్ళ గాట్లు ఎక్కడున్నాయో తెలుస్తుంది.

మకాక్‌లు, గ్వెనన్లు అనే జాతుల కోతులైతే ఇంకో తలనొప్పి. వాటికి దవడ సంచులుంటాయి, పండ్ల చెట్టు మీద పెద్ద కోతి తరిమేలోపే గబగబా బుగ్గల్లో కుక్కేసుకుని పక్క చెట్టు మీదికెళ్ళి తీరిగ్గా నమిలి గింజలు అక్కడ ఉమ్మేస్తాయి. ఏ చెట్టు దగ్గర తిన్నట్టు రాస్తావు? కోసిన చోటు, నమిలిన చోటు వేర్వేరు కాలమ్‌లు పెట్టుకోవడం మేలు.

పీచుపదార్థం:
ఒక చెట్టు వదిలేసి ఇంకో చెట్టుకి ఎందుకు వెళ్తున్నాయన్నావు కదా, అది గమనించడం మంచి విషయం. కోస్టారికాలో కెన్ గ్లాండర్ అనే పరిశోధకుడు హౌలర్ల మీద చేసిన పనిలో ఇదే తేలింది, ఒకే జాతి చెట్లున్నా కొన్ని చెట్ల ఆకులే తినేవి, మిగతావి ముట్టుకునేవి కావు, ఆకులో ఉండే విషాలు చెట్టు చెట్టుకీ తేడా. కాబట్టి జాతి పేరు ఒక్కటే రాసుకుంటే చాలదు, చెట్టుకి నంబర్ ట్యాగ్ కట్టు. తిన్న చెట్టు ఆకూ, పక్కనే వదిలేసిన చెట్టు ఆకూ, ఒకే వయసువి రెండూ కోసి ల్యాబ్‌కి తీసుకెళ్ళు. తిన్నవాటినే పరీక్షిస్తే ఎంపిక గురించి ఏమీ తెలీదు.

ఎక్కువ వేడి మీద ఎండబెట్టకు, 50-60 డిగ్రీలు దాటితే ప్రొటీన్ బిగుసుకుపోయి పీచు లెక్కలో కలిసిపోతుంది. లేతాకులో ప్రొటీన్ ఎక్కువ పీచు తక్కువ, ముదురాకు రివర్సు, ఆకులు తినే కొలొబస్ కోతులు, లంగూర్లు ఎక్కువగా చూసుకునేది ఈ నిష్పత్తినే. వాటికి ఆవుకి ఉన్నట్టు అరలున్న పొట్ట, బ్యాక్టీరియా పులియబెట్టి పెడతాయి.

ఏ జాతి మీద పని చేస్తున్నావో చెప్పలేదు, దాని అరుగుదల తెలియకుండా తిండి డేటా చూస్తే తికమకే. పనామాలో బారో కొలరాడో దీవిలో కేథరిన్ మిల్టన్ అనే పరిశోధకురాలు హౌలర్నీ స్పైడర్ మంకీనీ పోల్చింది. రెండూ ఇంచుమించు ఒకే బరువు, ఒకే అడవి. హౌలర్ కడుపులో తిండి బయటికి రావడానికి సుమారు 20 గంటలు, స్పైడర్ మంకీకి 4 గంటల చిల్లర. అందుకే హౌలర్‌కి ఆకులతో గడిచిపోతుంది, స్పైడర్ మంకీ పండిన పండ్ల కోసం అడవంతా తిరగాలి. మెదడు చూస్తే స్పైడర్ మంకీది దాదాపు రెట్టింపు, పండు ఎక్కడ ఎప్పుడు దొరుకుతుందో గుర్తుపెట్టుకోవాలి కదా అని ఆవిడ వాదన. ఆ వాదన నాకు నచ్చుతుంది గానీ రెండు జాతుల పోలికతో అంత దూరం వెళ్ళడం కొంచెం ధైర్యమే.

జాంజిబార్‌లో ఎర్ర కొలొబస్‌లు బొగ్గు తింటాయి తెలుసా! మామిడాకులు, బాదం ఆకులు తిన్నాక అందులో ఉండే ఫినాలిక్ పదార్థాలని, అంటే అరుగుదలకి అడ్డొచ్చే రసాయనాలని, బొగ్గు పీల్చుకుంటుందని వివరణ. చెక్‌షీట్‌లో 'ఇతరాలు' అనే గడి ఒకటి ఎప్పుడూ ఉంచుకో.

కొమ్మచివర:
అమ్మో, చాలా థ్యాంక్స్ అండీ. నా జాతి హౌలరే. అయితే ఇంకో చిన్న డౌటు, ఇంత కష్టం ఎందుకు, మలం ఏరి డీఎన్‌ఏ చేయిస్తే అయిపోదా అని ల్యాబ్‌లో సీనియర్ ఒకరు అంటున్నారు.

చెట్టుకింద:
డీఎన్‌ఏలో ఏ మొక్కో వస్తుంది, ఆకా పండా పువ్వా రాదు, ఎంత తిన్నదీ సరిగ్గా రాదు. మలాన్ని జల్లెడ పడితే గింజలు దొరుకుతాయి, లేతాకులు అరిగిపోయి ఆనవాలు కూడా ఉండదు. నీకు కనబడకుండా రాత్రి, తెల్లవారుజామున తిన్నవి బయటపడతాయి, అందుకని చేయించు, కానీ బైనాక్యులర్స్ పక్కన పడేసి కాదు.

స్కాన్ మానెయ్యమని నేను అనట్లేదు. గుంపు మొత్తం రోజు ఎలా గడిపిందో దానికి స్కానే బాగుంటుంది, తిన్న మోతాదుకి ఫోకల్. పొద్దున స్కాన్ మధ్యాహ్నం ఫోకల్ అని విడగొట్టకు, పొద్దుటి తిండి సాయంత్రం తిండి ఒకటి కాదు, రోజు మార్చి రోజు చెయ్.

దవడసంచి:
నెలనెలా ట్యాగ్ చెట్లన్నిటికీ లేతాకు, పువ్వు, కాయ, పండు ఎంతున్నాయో సున్నా నుంచి నాలుగు దాకా మార్కులు వేస్తూ ఉండు, కోతి వచ్చినా రాకపోయినా. అడవిలో ఏముందో తెలియకుండా ఏం ఎంచుకుందో చెప్పలేవు. ఇంకా, దగ్గరికెళ్ళేటప్పుడు మాస్క్ పెట్టుకో, మన జలుబు వాటికి అంటుకుంటుంది.