ఐదంతస్తుల అపార్ట్‌మెంట్ బయటి ప్లాస్టరింగ్ పెచ్చులూడుతోంది. రంగుతో సరిపోతుందా?

ప్రశ్న (అపార్ట్‌మెంట్ కమిటీ, శ్రీకాకుళం)

స్టిల్ట్ మీద ఐదంతస్తులు. చుట్టుకొలత 220 అడుగులు, పిట్టగోడతో కలిపి ఎత్తు 62 అడుగులు. తూర్పు గోడ మీద రంగు పొరలుపొరలుగా లేస్తోంది, కొన్నిచోట్ల ప్లాస్టరింగే డొల్ల. బీము కింద గోడ పొడవునా అడ్డంగా పగులు. రెండు సన్‌షేడ్ల అడుగున తుప్పు మరక.

ఒక కాంట్రాక్టరు లప్పం, ప్రైమర్, రెండు కోట్లు కలిపి చదరపు అడుగు లెక్కన చేస్తామంటున్నారు. ఇంకొకాయన ప్లాస్టరింగ్ ముట్టుకోనక్కర్లేదు, సాగే రంగు వేస్తే పగుళ్లన్నీ మూసుకుపోతాయంటున్నారు. ఎవరి మాట వినాలి? రంగు ఎంత పడుతుంది? ఏ నెలలో మొదలుపెట్టాలి?

జవాబు 1 (తాపీ పని, విజయనగరం)

మాస్టారూ, ఇద్దరూ రంగు దగ్గరే మొదలెట్టారు. మీ ఖర్చు ప్లాస్టరింగ్‌లో ఉంది.

ముందు గోడంతా చిన్న సుత్తితో తట్టించండి. డొల్ల పలికిన చోటల్లా సుద్దతో గీత గీసి, కొలిచి, ఒక్కో గోడకు విడిగా రాసుకోండి. ఆ కొలత లేకుండా రేటు మాట్లాడితే డొల్ల మీదే లప్పం పూసి వెళ్లిపోతారు.

గీత నుంచి ఇంకో నాలుగు అంగుళాలు బయటికి, గ్రైండర్‌తో నలుచదరంగా కోసి ఇటుక వరకూ తీసెయ్యాలి. గుండ్రంగా, అంచు పల్చగా కొడితే కొత్త మాలు అక్కడే లేస్తుంది. ఇటుక సందులు అర అంగుళం గీకి, దుమ్ము కడిగి తడపండి. నీరు పైన నిలవకూడదు.

పట్టు కోసం ఎస్‌బీఆర్ ద్రవం (సిమెంట్‌లో కలిపే, పాలలా ఉండే రబ్బరు ద్రవం) ఒక పాలు, నీళ్లు ఒక పాలు, సిమెంట్ రెండు మూడు పాళ్లు కలిపి కుంచెతో పూసి, అది జిగురుగా ఉండగానే మాలు కొట్టాలి. ఎండిపోయిందా, పట్టడం మాట అటుంచి మాలును విడదీసేది అదే. మేస్త్రీలు పొద్దున్నే గోడంతా పూసేసి మధ్యాహ్నం మాలు కొట్టడం ఇక్కడ మామూలు. దాన్ని ఆపించండి.

మాలు 1:4, అంటే సిమెంట్ ఒకటికి ఇసుక నాలుగు. బలంగా ఉంటుందని 1:3 వేస్తే కుంచించుకుని వెంట్రుక పగుళ్లు వస్తాయి. మొదటి పూత 12 మిల్లీమీటర్లు వేసి గీతలు పెట్టండి, మర్నాడు 8 మిల్లీమీటర్లు. 20 మిల్లీమీటర్లూ ఒకేసారి వేస్తే బరువుకి జారుతుంది. పైన స్పాంజీతో రుద్దితే పాత గోడతో కలుస్తుంది. వారం రోజులు తడపాలి, ఉప్పు బోరు నీళ్లతో మాత్రం వద్దు.

ఇసుక నాగావళిదైనా వంశధారదైనా గ్లాసులో నీళ్లతో కలిపి మూడు గంటలు ఉంచండి. పైన ఒండ్రు ఇసుక ఎత్తులో పన్నెండో వంతు దాటితే కడిగి వాడాలి.

బీము కింద పగులు సామాన్యంగా నిర్మాణ లోపం కాదు. కాంక్రీటు, ఇటుక ఎండకి వేర్వేరుగా సాగుతాయి. అంగుళంలో సగం వెడల్పు, సగం లోతు కోసి పాలీమర్ మాలుతో (ఎస్‌బీఆర్ లాంటి ద్రవం కలిపిన సిమెంట్ మాలు) నింపి, రెండు పక్కలా ఆరేసి అంగుళాలు పడేలా చికెన్ మెష్ (సన్నని ఇనుప తీగ వల) మేకులతో కొట్టి పూత వెయ్యాలి. పగులు ఏటవాలుగా ఇటుకలను చీల్చుకుంటూ పోతే మాత్రం ఇంజినీరును పిలవండి.

జవాబు 2 (కాంక్రీటు రిపేర్లు)

సన్‌షేడ్ల సంగతి ఆలస్యం చెయ్యకండి. తుప్పు పట్టిన ఊచ ఉబ్బి కాంక్రీటును బయటికి తోస్తుంది. పైన మాలు పూస్తే రెండేళ్లలో ముక్క కింద నిలబడ్డవాళ్ల మీద పడుతుంది.

ఊచ వెనక కూడా ముప్పావు అంగుళం ఖాళీ వచ్చేలా కాంక్రీటు చెక్కాలి. తుప్పును వైర్ బ్రష్‌తో మెరిసేదాకా తీసి, జింక్ ప్రైమర్ వేసి, ఎస్‌బీఆర్, సిమెంట్ కలిపిన పట్టు పూత పూసి, పాలీమర్ మాలుతో పొరలుగా నింపండి. ఊచ మందం బాగా తగ్గితే పక్కన కొత్తది కట్టాలి.

సన్‌షేడ్ అడుగు అంచున సగం అంగుళం గాడి పెట్టించండి. అది లేకనే నీరు వెనక్కి పాకి గోడకి చేరుతోంది. గాడిని రంగుతో పూడ్చెయ్యకూడదు, పెయింటర్లు అలవాటుగా పూడ్చేస్తారు.

ఇనుము బయటపడ్డ చోట నాచుకు బ్లీచింగ్ పౌడర్ వాడకండి, అందులోని క్లోరైడే తుప్పు పెంచుతుంది. కాంక్రీటు పనికి భారత ప్రమాణమైన ఐఎస్ 456 ప్రకారం ఇనుమున్న కాంక్రీటుకు వాడే నీటిలో క్లోరైడ్ లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటకూడదు.

జవాబు 3 (పెయింటింగ్ సామాను)

సాగే రంగు చెడ్డదేం కాదు, వెంట్రుక పగుళ్లను బాగా కప్పుతుంది. కానీ చెమ్మ లోపలున్న గోడ మీద వేస్తే బొబ్బలే. తూర్పు గోడకి లోపలివైపు బాత్రూములు, పైపుల డక్టు ఉంటే ముందు వాటి లీకులు కట్టండి. పిట్టగోడ పైభాగం వాలు డాబా వైపు ఉండాలి.

చెమ్మ తెలియాలంటే అడుగున్నర చదరం పాలిథిన్ షీటు నాలుగు అంచులా టేపు అంటించి 16 గంటలు ఉంచండి. లోపల నీటిబొట్లు కనిపిస్తే ఇంకా ఆరలేదు.

బయటి గోడంతా లప్పం వద్దు. అతుకులు సర్దడానికి పల్చగా చాలు. ఎత్తులో ఉప్పుగాలి, వాన తగిలి మందంగా వేసిన లప్పమే ముందు పొడి అవుతుంది, రంగు దాంతోపాటు వస్తుంది.

లెక్క: 220 × 62 అంటే 13,640 చదరపు అడుగులు. కిటికీలు తీస్తే సన్‌షేడ్లు, డక్టులు కలుస్తాయి కాబట్టి అదే ఉంచుకోండి. గరుకు గోడకి రెండు కోట్లు లీటరుకు 45 చదరపు అడుగులు అనుకుంటే 303 లీటర్లు, అంటే 20 లీటర్ల బక్కెట్లు 15 పైచిలుకు. ప్రైమర్ ఒక కోటు లీటరుకు 90 చదరపు అడుగులైతే దాదాపు 8 బక్కెట్లు. సాగే రంగుకి ఇంకా ఎక్కువ. నీళ్లు డబ్బా మీద రాసినంతే కలపాలి. ఖాళీ బక్కెట్లు వాచ్‌మన్ దగ్గర లెక్కపెట్టి ఉంచండి, పల్చన చేసిందీ లేనిదీ అక్కడే తేలుతుంది.

ప్రైమర్ అతుకులకే కాదు, గోడంతా వెయ్యండి. లేకపోతే ఎండలో మచ్చలు బయటపడతాయి.

ప్రశ్నించినవారు

కొత్త ప్లాస్టరింగ్ 28 రోజులు ఆరాలంటున్నారు. అంతకాలం పరంజా అద్దె కట్టాలా? పని డిసెంబరులో పెట్టుకోవచ్చా?

జవాబు 1

డిసెంబరు చివర మొదలెడితే మేలు. అక్టోబరు, నవంబరుల్లో తుఫాన్ల భయం. హుద్‌హుద్ 2014లో, తిత్లీ 2018లో, రెండూ అక్టోబరులోనే వచ్చాయి. రిపేర్లు తూర్పు గోడతో మొదలుపెట్టి చుట్టూ తిరిగితే, చివరి గోడ అయ్యేసరికి మొదటిది చాలావరకు ఆరుతుంది. తొందరపడితే సిమెంట్‌లోని క్షారం రంగును కాల్చి తెల్లగా పూస్తుంది. రంగు ఎండ తగలని వైపు వెయ్యాలి: పడమర గోడ పొద్దున, తూర్పు గోడ మధ్యాహ్నం.

జవాబు 2

పరంజా గురించి ఒక మాట. 62 అడుగులకి సరుగుడు కర్రలు వద్దు, స్టీలు పైపులే, ప్రతి అంతస్తులో భవనానికి బిగించి. తాళ్ల మీద దిగేవాళ్లైతే కూర్చునే తాడు ఒకటి, నడుం, భుజాల బెల్టు తాడు ఇంకొకటి, రెండూ వేర్వేరు చోట్ల కట్టాలి. పిట్టగోడకో ట్యాంకు పైపుకో కట్టనివ్వకండి, కాలమ్‌కే. పక్కన 11 కేవీ లైను ఉంటే ఈపీడీసీఎల్ (కరెంటు సంస్థ) సెక్షన్ ఆఫీసులో అడిగి ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే లైనులో కరెంటు ఆపినట్టు అనుమతి) తీసుకున్నాకే పైపులు ఎత్తాలి.

అగ్రిమెంటులో డొల్ల తీసిన ప్లాస్టరింగ్‌కి ఒక రేటు, రంగుకి ఇంకో రేటు రాయించండి. కొట్టేశాక, మాలు పెట్టకముందు కమిటీ కొలిచి ఫొటో తియ్యాలి. రిపేరు డబ్బు ఆ కొలత మీద ఇవ్వండి, పదో వంతు మొదటి వానాకాలం దాటేదాకా పట్టి ఉంచండి.