'సహస్ర' అని పెట్టొచ్చా? మా అపార్ట్‌మెంట్‌లో ఇప్పటికే ముగ్గురున్నారు

కొత్త నాన్న:
అందరికీ నమస్కారం. పాప పుట్టి పదమూడు రోజులైంది. ఇరవై ఒకటో రోజు బారసాల. శతభిషం రెండో పాదం, 'సా' అక్షరం వచ్చిందని సిద్ధాంతిగారు చెప్పారు. ఇంట్లో 'సహస్ర' అనుకున్నాం. చిక్కేమిటంటే మియాపూర్‌లో మేముండే అపార్ట్‌మెంట్‌లోనే ముగ్గురు సహస్రలున్నారు. సాయంత్రం ఆరున్నరకి నాలుగో అంతస్తు బాల్కనీలోంచి ఒకావిడ "సహస్రా, పాలు చల్లారిపోతున్నాయి, రా" అని కేకేస్తే కింద ఆడుకుంటున్న ముగ్గురూ తలెత్తి చూస్తారు. "మా అమ్మ కాదులే" అనుకుని ఇద్దరు మళ్లీ ఆటలో పడతారు. నిన్న అది చూసినప్పటి నుంచి అనుమానం పట్టుకుంది. ఇంతమందికి ఉన్న పేరు పెట్టొచ్చా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

గుంటూరు మాస్టారు:
పెట్టకండి. ముప్పై నాలుగేళ్లు హైస్కూల్లో పాఠాలు చెప్పినవాణ్ని. ఒక ఏడాది టెన్త్ బి సెక్షన్లో ఆరుగురు శ్రీనివాసరావులు పడ్డారు. ఇంటిపేరు కలిపి పిలుద్దామంటే అందులో ఇద్దరు 'కె' లే. చివరికి పిల్లలే సర్దుకున్నారు: పొట్టి శీను, సైకిల్ శీను, సోడా శీను (వాళ్ల నాన్నది సోడా బండి), ఇలా. నేను మాత్రం సర్దుకోలేకపోయాను. అర్ధసంవత్సరం పరీక్షలప్పుడు ఒక కె. శ్రీనివాసరావు లెక్కల మార్కులు ఇంకో కె. శ్రీనివాసరావు కార్డులో ఎక్కించాను. ఒకడికి పడాల్సిన దెబ్బలు ఇంకొకడికి పడ్డాయి. వాడు బడి వదిలే దాకా నా ముఖం సరిగా చూడలేదు. 'సా' మీద చక్కని పేర్లు లేకనా? సావిత్రి ఉంది. పిలవడానికి హాయి, రాయడానికి సులువు.

కరీంనగర్ పోరడు:
శతభిషంల పుట్టిన పిల్లకు సహస్ర. వంద నుంచి వెయ్యికి. ప్రమోషన్ మంచిగనే ఉంది అన్నా 😄

డల్లాస్ బావ:
పేరు మామూలుదా, కొత్తదా అన్నది తర్వాత సంగతి. ముందు పాస్‌పోర్టులో గివెన్ నేమ్, సర్‌నేమ్ విడివిడిగా సరిగ్గా పడేలా చూసుకోండి. మొత్తం పేరు ఒకే గడిలో రాయించుకుని ఇక్కడికొచ్చిన వాళ్లకి వీసా మీద ఎఫ్.ఎన్.యూ అని పడుతుంది. అంటే మొదటి పేరు తెలియదని. ఇక నా సంగతి: మా తాతగారి మొక్కు వల్ల నా పేరు ముందు 'వెంకట' చేరింది. ఆఫీసులో మా టీమ్‌లోనే ముగ్గురం వెంకటలం. ముగ్గురినీ ఇంట్లో ఆ పేరుతో ఎవరూ పిలవరు. జీతం పెంపు మెయిల్ ఒకసారి నాకొచ్చింది. చదివి సంతోషపడి మా ఆవిడకి ఫోన్ కూడా చేశాక తెలిసింది, అది ఇంకో వెంకటకి పంపాల్సిందట.

వ్యాకరణం వాసు:
అసలు ప్రశ్న ఎవరూ అడగడం లేదు. సహస్రం అంటే వెయ్యి. సంస్కృతంలో నపుంసక లింగం. అమ్మాయికి సంఖ్య పేరేమిటి? రేపు ఎవరైనా కూతురికి 'పన్నెండు' అని పెడితే ఊరుకుంటామా?

అనకాపల్లి బెల్లం:
వాసుగారూ, పేరుకి అర్థం ఎవరు చూస్తున్నారండీ, పిలిచినప్పుడు పలికితే చాలు.

మాస్టారూ, మీరు చెప్పినదాన్ని నేను ఒప్పుకోను. మాది అనకాపల్లి దగ్గర పల్లెటూరు. నూకాలమ్మ పేరు మీద మా ఊళ్లో ప్రతి ఇంట్లో ఒక నూకరాజో, నూకాలో, నూకరత్నమో ఉంటారు. నా పేరు నూకరత్నం. మా వీధిలోనే నలుగురం. ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు. డిగ్రీకి హైదరాబాద్ వచ్చాక కాలేజీ మొత్తంలో ఆ పేరున్నదాన్ని నేనొక్కదాన్నే. మొదటిరోజు లెక్చరర్ పేరు చదివి ఆగారు. వెనక బెంచీ నుంచి "నూకలా, బియ్యమా?" అన్నాడు ఒకడు. మూడేళ్లు ఆ మాటే. ఎవరికీ లేని పేరుంటే ఏం సుఖమో నాకు తెలుసు. పదిమందిలో కలిసిపోయే పేరు పెట్టండి కొత్త నాన్నగారూ. సహస్ర బ్రహ్మాండంగా ఉంది.

కరీంనగర్ పోరడు:
అక్క కరెక్ట్ చెప్పింది. మా దిక్కు రాజేశం, మల్లేశం, కొమురయ్య అంటే ఎవ్వరూ నవ్వరు. వేములవాడ రాజన్న, కొమురెల్లి మల్లన్న దయ. అదే బెంగళూరు పోయి మల్లేశం అంటే మూడుసార్లు స్పెల్లింగ్ చెప్పాలె.

గుంటూరు మాస్టారు:
అమ్మా, మీది దేవత పేరు, ఊరి పేరు. దానికి ఒక వేరుంది. పెంచలకోన స్వామి పేరు మీద నెల్లూరు వైపు పెంచలయ్యలు, యాదగిరిగుట్ట పేరు మీద యాదగిరులు, విశాఖ వైపు ఆడామగా తేడా లేకుండా సింహాచలాలు. ఎంతమంది ఉన్నా అవి ఎక్కడి నుంచి వచ్చాయో చెప్పగలం. సహస్ర ఎక్కడి నుంచి వచ్చింది? ఎవరో పెట్టారు, బాగుందని ఇంకొకరు పెట్టారు. ఆరాధ్య సంగతీ అంతే. 2011 నవంబరులో ఐశ్వర్యా రాయ్‌కి కూతురు పుట్టింది, ఆ పేరు పెట్టారు, ఆ తర్వాత మన వీధుల్లో ఎక్కడ చూసినా ఆరాధ్యలే. పేరంటే మొబైల్ మోడలా? మళ్లీ చెబుతున్నా, సావిత్రి.

అనకాపల్లి బెల్లం:
శ్రీనివాసరావులు ఆరుగురూ తిరుమల కొండ మీద వేరు ఉన్నవాళ్లే కదా మాస్టారూ. మరి అక్కడ మార్కులెందుకు తారుమారయ్యాయి?

వ్యాకరణం వాసు:
లలితా సహస్రనామాల్లో 'సహస్రశీర్షవదనా సహస్రాక్షీ సహస్రపాత్' అని వరసగా వస్తాయి. అంత ఇష్టమైతే 'సహస్రాక్షి' అని పెట్టండి. వేయి కన్నులు గలది. అర్థం కుదురుతుంది, అక్షరం కుదురుతుంది, అపార్ట్‌మెంట్‌లో ఇంకొకరు ఉండరు.

డల్లాస్ బావ:
వాసు అన్నా, ఆ 'క్ష'ని ఇక్కడ కాఫీ షాపులో కప్పు మీద రాయించి చూపించు. ఒప్పుకుంటా.

రిజిస్ట్రార్ ఆఫీసు రిటైర్డ్:
ఒక్క మాట. 1969 జనన మరణాల నమోదు చట్టం ప్రకారం పేరు లేకుండా కూడా జననం నమోదు చేయించవచ్చు. ఏడాదిలోపు ఫీజు లేకుండా పేరు చేర్పించుకోవచ్చు, ఆ తర్వాత పదిహేనేళ్ల వరకు ఆలస్య రుసుము కట్టాలి. అయితే 2023 అక్టోబరు 1 నుంచి పుట్టినవాళ్లకి బడిలో చేర్చడానికీ పాస్‌పోర్టుకీ ఆ సర్టిఫికెట్టే ఆధారం. కనుక తొందరపడి రాయించి తర్వాత దిద్దించుకునే పని పెట్టుకోకండి. ఎక్కువమంది వచ్చి నిలబడేది ఆ దిద్దుబాట్లకే.

గుంటూరు మాస్టారు:
బెల్లంగారూ, మీరు వెటకారం చేస్తున్నారు. మీ తరానికి ఇంట్లో పెద్దవాళ్ల పేర్లంటే చిన్నచూపు. నూకరత్నం అని మీ అమ్మానాన్నలు పెట్టిన పేరు మీద మీరే సిగ్గుపడ్డారు, ఆ సిగ్గుని ఇప్పుడు ఇంకొకరి పాపకి అంటగడుతున్నారు.

అనకాపల్లి బెల్లం:
సిగ్గా? నేను ఇప్పటికీ ఆ పేరుతోనే ఉద్యోగం చేస్తున్నాను. మార్చుకోలేదు. మీరు నా గురించి అనేముందు ఒకటి చెప్పండి. పైనుంచీ చూస్తున్నాను, మూడుసార్లకి తక్కువ కాకుండా 'సావిత్రి' అంటున్నారు. 'సా' మీద సాహితి ఉంది, సాత్విక ఉంది, సాధన ఉంది. ఒక్కటీ మీకు గుర్తురాలేదు. మీ గొడవ ఎక్కువమందికి ఉన్న పేరు గురించి కాదు. సావిత్రి ఎవరు మాస్టారూ?

గుంటూరు మాస్టారు:
రెండేసార్లు అన్నాను.

కరీంనగర్ పోరడు:
సార్ లెక్కల సారే అనుకుంటా 🙏

గుంటూరు మాస్టారు:
సరే. మా ఆవిడ. పోయి నాలుగేళ్లయింది. ఆ మరుసటి ఏడాదే మా అమ్మాయికి ఆడపిల్ల పుట్టింది. ఎవరూ చెప్పక్కర్లేదు, అమ్మ పేరే పెడతారనుకున్నాను. కనీసం ముందో వెనకో కలుపుతారనుకున్నాను. బారసాల రోజు పళ్లెంలో బియ్యం పోసి, ఉంగరంతో అల్లుడు రాశాడు. కళ్లజోడు పెట్టుకుని వంగి చూశాను. ఆద్య. ఆ ప్లేస్కూల్లో ఆద్యలు ఐదుగురట. వాళ్ల అమ్మమ్మ పేరున్న పిల్ల ఒక్కతీ లేదు. నేనేం అనలేదు. అక్షింతలు వేసి వచ్చేశాను.

డల్లాస్ బావ:
మాస్టారూ... ఏమనాలో తెలియడం లేదు. మీరు ఆ రోజు ఒక్క మాట అనుంటే వినేవాళ్లేమో.

గుంటూరు మాస్టారు:
అడిగి పెట్టించుకునే పేరు కాదు బాబూ అది.

అనకాపల్లి బెల్లం:
మాస్టారూ, నేను గట్టిగా అడిగాను, ఏమీ అనుకోకండి. మా ఇంట్లో సంగతి కూడా చెబుతాను, అటువైపు నుంచి. మా పాపకి మా అత్తగారి పేరు పెట్టారు. నన్నెవరూ అడగలేదు. పెద్దావిడ పేరు కోడలు నోటితో అనకూడదు కదా, అందుకని నేను నా కూతుర్ని 'బుజ్జమ్మా' అనే పిలిచేదాన్ని. అల్లరి చేస్తే కోప్పడాలన్నా "ఏయ్ బుజ్జమ్మా" నే. పేరు పెట్టి కసిరితే అత్తగారిని అన్నట్టే. దానికి ఐదేళ్లప్పుడు బళ్లో టీచర్ పేరు పిలిస్తే పలకలేదట. "మీ అమ్మాయికి వినబడదా?" అని నన్ను పిలిపించారు. వినబడుతుంది, ఇంట్లో ఎవరూ ఆ పేరుతో పిలవరంతే. మా అత్తగారు మంచి మనిషే. కానీ నా పిల్లకి పేరు పెట్టే వంతు నాకు రాలేదు, ఇక రాదు. అందుకే ఎవరైనా తల్లి తనకి నచ్చిన పేరు పెడతానంటే, అది వెయ్యిమందికి ఉన్నా నేను ఆవిడ వైపే.

వ్యాకరణం వాసు:
వెయ్యిమందికి ఉంటే అప్పుడు సహస్ర సార్థకమే. (క్షమించాలి.)

గుంటూరు మాస్టారు:
మీ పాప ఇప్పుడు పలుకుతోందా ఆ పేరుకి?

అనకాపల్లి బెల్లం:
బళ్లో పలుకుతుంది. ఇంట్లో బుజ్జమ్మే. పదకొండేళ్లొచ్చాయి.

కొత్త నాన్న:
రెండు రోజులుగా చదువుతున్నాను, మధ్యలో దూరలేకపోయాను. ఒకటి దాచాను. "ఇంట్లో అనుకున్నాం" అని రాశాను గానీ సహస్ర మా ఆవిడ ఒక్కతే అనుకుంది. పెళ్లి కాకముందే కూతురు పుడితే ఈ పేరు పెట్టాలని అనుకుందట. మా అమ్మ వాళ్లమ్మ పేరు కావాలంటోంది: సామ్రాజ్యం. మా అమ్మమ్మే నన్ను పెంచింది. నేను ఎటూ చెప్పలేక ఇక్కడ అడిగాను. మీరంతా "చాలామందికి ఉంది, వద్దు" అంటే అది చూపించి సహస్రని తప్పిద్దామనుకున్నాను. అపార్ట్‌మెంట్‌లో ముగ్గురున్న మాట నిజమే, కానీ నా టెన్షన్ అది కాదు.

కరీంనగర్ పోరడు:
అన్నా, మమ్మల్నందర్నీ వదిన మీదికి తోలుదామనుకున్నవా!

అనకాపల్లి బెల్లం:
ఈ చర్చ ఆవిడకి చూపించారా?

కొత్త నాన్న:
నిన్న రాత్రి పాపకి పాలు పడుతూ నా ఫోన్‌లో తనే చూసింది. మాస్టారు రాసింది చదివి కాసేపు ఏమీ అనలేదు. తర్వాత బెల్లంగారు రాసింది మళ్లీ మొదటి నుంచి చదివింది. పొద్దున మా అమ్మ దగ్గరికెళ్లి కూర్చుంది. ఏం మాట్లాడుకున్నారో తెలియదు, వంటింటి తలుపు వేసుకున్నారు. బారసాలకి ఇంకా ఆరు రోజులుంది. మున్సిపాలిటీ ఫారంలో పేరు గడి ఖాళీగానే వదిలేశాను, రిటైర్డ్‌గారికి థాంక్స్.

గుంటూరు మాస్టారు:
సామ్రాజ్యం మంచి పేరు. సహస్ర కూడా పిలవగా పిలవగా అలవాటవుతుంది. మా ఆద్య నన్ను ఫోన్‌లో 'తాతా' అనదు, 'మాస్టారూ' అంటుంది. ఎవరు నేర్పారో.

వ్యాకరణం వాసు:
ఏది పెట్టినా సరే, సహస్ర అయితే రాసేటప్పుడు చివర దీర్ఘం ఇవ్వండి. 'సహస్రా'. అప్పుడైనా స్త్రీలింగంలా కనబడుతుంది.