ఇంటర్ హాస్టల్లో జగ్లింగ్ క్లాసులు: మనసుకు మందా, మంచి వ్యాపకమా?

నీలిగొడుగు

ఒక రెసిడెన్షియల్ జూనియర్ కాలేజీ యాజమాన్యం ముందున్న ప్రతిపాదన ఇది. ఫస్టియర్ పిల్లలు 40 మందికి వారానికి రెండుసార్లు, 45 నిమిషాల చొప్పున, 8 వారాల పాటు జగ్లింగ్, చిన్న చిన్న పిరమిడ్లు, చివర్లో పైనుంచి వేలాడే సిల్క్ గుడ్డ మీద విన్యాసాలు నేర్పుతారు. కరపత్రం మీద "సర్కస్ థెరపీ" అని వేశారు. ఈ ఏడాదికి కౌన్సెలర్ నియామకం వాయిదా వేసి ఆ డబ్బు దీనికి మళ్లిద్దామని ఆలోచన. నేను అడిగేవి రెండు. ఇది నిజంగా మనసుకు పనిచేస్తుందా? పనిచేస్తే కౌన్సెలర్ బదులు దీన్ని పెట్టుకోవచ్చా? తెలిసినవాళ్లు కొలతలతో సహా రాయండి.

తూకంరాయి

రెండో ప్రశ్నకు ముందు జవాబు: పెట్టకూడదు. మొదటిదానికి కొంచెం నిదానంగా చెప్పాలి.

ఇలాంటి కరపత్రాల్లో ముందు కనపడేది 2004లో 'నేచర్' పత్రికలో వచ్చిన జర్మన్ పరిశోధన. 24 మందిని తీసుకుని సగం మందికి మూడు నెలల్లో మూడు బంతుల జగ్లింగ్ నేర్పారు. కనీసం 60 సెకన్లు బంతి పడకుండా ఆడాలి. స్కానుల్లో చూస్తే, కదిలే వస్తువుల్ని గమనించే మెదడు భాగాల్లో గ్రే మేటర్ (నరకణాలు ఎక్కువగా ఉండే పొర) పెరిగింది. ఆట మానేసిన మూడు నెలలకు ఆ పెరుగుదల మళ్లీ తగ్గింది. 2009లో ఆక్స్‌ఫర్డ్‌లో ఆరు వారాల శిక్షణతో, మెదడు భాగాల్ని కలిపే నరాల తీగలైన వైట్ మేటర్‌లోనూ మార్పు చూశారు. రెండూ మంచి పరిశోధనలే. కానీ వాళ్లు కొలిచింది మెదడు నిర్మాణాన్ని. దిగులు, నిద్ర, పరీక్ష భయం వాటిలో లేవు. "మెదడు పెరుగుతుంది" అన్న ముక్క పట్టుకుని "డిప్రెషన్ పోతుంది" అని అమ్మడం తల్లిదండ్రుల్ని తప్పుదారి పట్టించడమే.

నేరుగా మనసు సంగతి చూసిన పరిశోధన ఒకటి 2007లో జపాన్ నుంచి వచ్చింది. ఆందోళన రుగ్మత ఉన్న 17 మంది మహిళలు. అందరికీ మామూలు చికిత్స నడుస్తుండగా కొందరికి జగ్లింగ్ కలిపారు. కలిపినవాళ్లలో ఆందోళన స్కోర్లు ఎక్కువ తగ్గాయి. ఆశ కలిగించే ఫలితమే, కాకపోతే ఉన్నది 17 మందే. పైగా జగ్లింగ్‌ను చికిత్సకు తోడుగా ఇచ్చారు, చికిత్స తీసేసి ఇవ్వలేదు. కౌన్సెలర్‌ని ఆపి బంతులు కొనేవాళ్లకు ఆ పేపరు అండగా నిలవదు.

అచ్చనగాయ

తూకంరాయి గారూ, మీ జాగ్రత్తతో పేచీ లేదు. కానీ స్కానుల దగ్గరే ఆగిపోతే అసలు విషయం కనపడదు. 98 మార్కులు వస్తే ఆ రెండూ ఎక్కడ పోయాయని అడిగే చోట పెరుగుతున్న పిల్లలు వీళ్లు. జగ్లింగ్ నేర్చుకునేవాడు మొదటి గంటలో లెక్కలేనన్నిసార్లు బంతి పడేస్తాడు. పడిన ప్రతిసారీ వంగి తీసుకుని మళ్లీ విసురుతాడు, అడిగేవాళ్లు ఉండరు. ఆ అలవాటు కోసమే ఇది. అది అబ్బుతుందా లేదా అన్నది పూర్తిగా నేర్పే పద్ధతి మీద ఉంటుంది కాబట్టి పద్ధతి రాస్తున్నాను.

ముందు ఒక్క బంతి. మోచేతులు నడుము పక్కన, అరచేతులు పైకి. ఒక చేతి నుంచి రెండో చేతికి విల్లులా విసరాలి, కళ్ల ఎత్తుకు వెళ్లి దిగాలి. చూపు చేతుల మీద పెట్టకుండా ఆ పై అంచు మీద పెట్టాలి. అచ్చనగాయలు ఆడినవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు: ఎగరేసిన కాయ మీదే కన్ను ఉంటుంది, కింద కాయల్ని చెయ్యి తనంతట తనే ఏరుకుంటుంది.

రెండు బంతుల దగ్గర దాదాపు అందరూ తడబడతారు. మొదటి బంతి పైకి చేరాక, రెండోది దాని కిందినుంచి విసరాలి. బంతి మీదికొచ్చేస్తోందన్న కంగారులో చెయ్యి ఖాళీ చెయ్యాలని రెండో బంతిని విసరకుండా పక్క చేతిలో పెట్టేస్తారు. దీనికి విరుగుడు, అసలు పట్టుకోనివ్వకపోవడం. "విసురు, విసురు" అని పైకి అనిపిస్తూ రెండింటినీ నేల మీద పడనివ్వాలి. టప్... టప్. రెండు చప్పుళ్లు విడివిడిగా వినపడాలి. కుడిచేతి బంతి ఎడమకాలి దగ్గర, ఎడమచేతి బంతి కుడికాలి దగ్గర పడితే విసురు కుదిరినట్టే. పదిసార్లు అలా పడేశాకే "విసురు, విసురు, పట్టు, పట్టు". క్లాసు ఫస్టు వచ్చే పిల్లకి బంతిని కావాలని పడెయ్యమనడం ఎంత కష్టమో గమనించండి. చెయ్యి దానంతటదే చాచుకుపోతుంది. ఆ చెయ్యి వదులయ్యేదాకా మూడో బంతి ఇవ్వకూడదు.

మూడు బంతులకు, రెండు పట్టుకున్న చేతితో మొదలు. మూడు విసుర్లు వేసి ఆపెయ్యాలి. ఆపకుండా ఆడదామని తొందరపడితే బంతులు ముందుకు పోతాయి, పిల్లలు వాటి వెంట నడుస్తారు.  గోడకు అడుగున్నర దూరంలో ఎదురుగా నిలబెడితే అదే సర్దుకుంటుంది. ఊపిరి బిగబట్టేవాళ్లచేత విసుర్లు గట్టిగా లెక్కపెట్టించండి, గొంతు కదిలితే ఊపిరీ కదులుతుంది.

రెండోగంట

వైద్యం వైపు నుంచి కొన్ని. మూడ్ అదుపులో ఉంచే లిథియం మందు వాడేవాళ్లకు చేతులు సన్నగా వణకొచ్చు. భ్రమల్లాంటి తీవ్ర మానసిక సమస్యలకు ఇచ్చే కొన్ని యాంటీ సైకోటిక్ మందులతో కండరాలు బిగుసుకుంటాయి. అలాంటివాళ్లకు బంతులిస్తే మందు వల్ల వచ్చిన ఇబ్బందిని చేతకానితనం అనుకుంటారు. వాళ్లకు పల్చటి షిఫాన్ లేదా నైలాన్ గుడ్డలు ఇవ్వండి, 65 సెంటీమీటర్ల చదరం ముక్కలు. మధ్యలో పట్టుకుని ఎదుటి భుజం పైకి విసిరితే మెల్లగా దిగుతాయి, పైనుంచి అందుకోవచ్చు. ఫ్యాను మాత్రం ఆపాలి.

కొన్ని మందులు లేచి నిలబడినప్పుడు బీపీ తగ్గిస్తాయి. పదేపదే వంగి లేస్తే కళ్లు తిరుగుతాయి. బంతులు పడేది నడుమెత్తు బల్ల మీదో మంచం మీదో అయితే ఆ బాధ లేదు. ఇవి తెలియాలంటే ఎవరు ఏ మందు మీద ఉన్నారో చూసుకునే మనిషి ఉండాలి. ఆ మనిషే మీరు వాయిదా వేద్దామనుకుంటున్న కౌన్సెలర్.

ఇంకో సంగతి. పక్కపక్కన నిలబడి బంతులు విసురుకుంటున్నప్పుడు, ముఖాముఖి కూర్చుంటే చెప్పని మాటలు పిల్లలు చెప్పేస్తారు. "నాకు బతకాలని లేదు" అన్న మాట కూడా రావచ్చు. శిక్షకుడు అప్పుడేం చెయ్యాలో మొదటి రోజుకే రాసి ఉంచాలి: ఎవరికీ చెప్పనని మాటివ్వకూడదు, పిల్లల్ని ఒంటరిగా వదలకూడదు, కౌన్సెలర్‌కీ ఇంటికీ అదే రోజు కబురు వెళ్లాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 రాత్రింబవళ్లు పనిచేస్తుంది, గది గోడ మీద పెద్దగా రాయించండి.

గడతాడు

"థెరపీ" అన్న మాట నాకూ ఇష్టం లేదు, మరో కారణంతో. ఈ పని ఏళ్ల తరబడి చేస్తున్నవాళ్లు దీన్ని సోషల్ సర్కస్ అంటారు, అంటే సర్కస్ విద్యల ద్వారా పిల్లలకు, యువతకు తోడ్పడటం. కెనడా కంపెనీ సర్క్ ద్యు సొలైల్ 1995లో మొదలెట్టిన సర్క్ ద్యు మోంద్ పద్ధతిలో సర్కస్ శిక్షకుడితో పాటు స్థానిక సామాజిక కార్యకర్త కూడా ఉంటారు. కాంబోడియాలోని బట్టంబాంగ్‌లో 1994లో, శరణార్థి శిబిరం నుంచి తిరిగొచ్చిన యువకులు ఫారె పోన్లూ సెల్పాక్ అనే కళల బడి పెట్టారు. అక్కడ ముందు బొమ్మలు గీయడం నేర్పారు, సర్కస్ తర్వాత వచ్చింది. కాబూల్‌లో పిల్లల సంచార సర్కస్ 2002లో మొదలైంది. ఇక్కడెక్కడా పిల్లల్ని రోగులుగా చూడలేదు.

మన దగ్గర ఈ మాటకు ఇంకో చరిత్ర ఉంది. సర్కస్ కంపెనీల్లో పిల్లలతో పని చేయించరాదని సుప్రీంకోర్టు 2011 ఏప్రిల్ 18న తీర్పిచ్చింది. నేపాల్ నుంచి పిల్లల్ని తెచ్చి బలవంతంగా ఆడించిన రోజులవి. కాబట్టి పిల్లలు "నేను చెయ్యను" అంటే అక్కడితో ఆగాలి. తల్లిదండ్రుల సంతకం ఎంత ముఖ్యమో ఇదీ అంతే. అలాగే తెలుగు నేల మీద గడెక్కి, తాడు మీద నడిచి దొమ్మరాట ఆడిన కుటుంబాలు తరాలుగా ఈ విద్యను కాపాడాయి. నగరం నుంచి ట్రైనర్‌ని తెచ్చుకునే ముందు వాళ్లలో నేర్పగలిగినవాళ్లను, అదే జీతంతో, సార్ అనో మేడమ్ అనో పిలుస్తూ పెట్టుకోవాలి.

పిరమిడ్ల గురించి. కింద ఉన్నవాళ్లు చేతులూ మోకాళ్ల మీద బల్లలా ఉంటారు. మణికట్లు సరిగ్గా భుజాల కింద, మోకాళ్లు తుంటి కింద. పైకెక్కేవాళ్ల మోకాళ్లు కిందివాళ్ల తుంటి ఎముక మీద, చేతులు భుజాల మీద. నడుం మధ్యలో బరువు పడితే వెన్ను వంగిపోతుంది, దెబ్బలు తగిలేది అక్కడే. పక్కన ఇద్దరు కాపలా ఉండాలి. ఎక్కిన వరసకు ఎదురు వరసలో దిగాలి, దూకకూడదు. "దిగు" అన్న మాట ఎవరన్నా అందరూ దిగాల్సిందే, ఎందుకని అడగకూడదు. ముట్టుకునే ముందు ప్రతిసారీ అడగాలి. నిన్న సరేనన్న పిల్ల ఇవాళ వద్దనవచ్చు, అప్పుడు కాపలా పని ఇస్తే జట్టులోనే ఉంటుంది.

సిల్క్ వద్దే వద్దు. 50 కిలోల మనిషి జారి ఠక్కున ఆగితే కొక్కెం మీద దానికి కొన్ని రెట్ల బరువు పడుతుంది. ఫ్యాన్ హుక్కు అందుకు బిగించింది కాదు. ఇంజనీరు లెక్క కట్టిన దూలం, లాక్ పడే కారబైనర్లు (గుడ్డను తగిలించే లోహపు కొక్కేలు), కింద మందపాటి క్రాష్ మ్యాట్, ఒకరి మీదే కన్నుంచే శిక్షకుడు కావాలి. 40 మందితో 45 నిమిషాల్లో ఒక్కొక్కరికి నిమిషం పైచిలుకే దక్కుతుంది. అన్నిటికంటే ముఖ్యం, ఒత్తిడిలో ఉన్న పిల్లలున్న హాస్టల్లో వేలాడే గుడ్డలూ తాళ్లూ ఉండకూడదు.

తూకంరాయి

సిల్క్ మీద గడతాడు గారితో పూర్తిగా ఏకీభవిస్తాను. కానీ అచ్చనగాయ గారికి ఒక ప్రశ్న. ఆ 45 నిమిషాలూ బ్యాడ్మింటన్ ఆడించినా పిల్లలు తేలికపడతారు కదా? పుస్తకం లేని గంట ఏదైనా మంచిదే. సర్కస్‌కే ప్రత్యేకమైనది ఏముందో చూపాలంటే కొలవాలి. 20 మందికి ముందు, మిగతా 20 మందికి 8 వారాల తర్వాత పెట్టండి. ఎవరు ముందో చీటీలు తీయండి. ఉత్సాహం ఉన్నవాళ్లను ముందు పంపితే లెక్క చెడుతుంది. మొదట్లో, 8 వారాలకు, 16 వారాలకు, మనసు ఎంత బాగుందో కొలిచే డబ్ల్యూహెచ్‌ఓ-5 ప్రశ్నలు ఇవ్వండి. అయిదే ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 5. మొత్తాన్ని 4తో హెచ్చిస్తే 100కి స్కోరు. 50 కంటే తక్కువ వచ్చినవాళ్లను కౌన్సెలర్ విడిగా చూడాలి. 20 మందితో పెద్ద నిర్ధారణలేవీ చెయ్యలేం, కనీసం చెడు జరుగుతుంటే తెలుస్తుంది. కొలిచే వారంలో యూనిట్ టెస్టు ఉండకుండా చూసుకోండి.

అచ్చనగాయ

బ్యాడ్మింటన్‌లో ఆట వచ్చినవాడు గెలుస్తాడు, రానివాడు బెంచీ మీద కూర్చుంటాడు. జగ్లింగ్‌లో దాదాపు అందరూ సున్నా నుంచే మొదలు, అవతల ప్రత్యర్థి లేడు. 2009 ఆక్స్‌ఫర్డ్ పరిశోధనలో కూడా ఎంత బాగా ఆడగలిగారన్నదానితో నిమిత్తం లేకుండా, సాధన చేసినవాళ్లలో మార్పు కనిపించింది. చీటీలు, 16 వారాల లెక్క బాగున్నాయి, అలాగే చెయ్యాలి.

ఒక హెచ్చరిక. "ఎవరు ఎక్కువసేపు ఆడారు" అని బోర్డు మీద రాసిన రోజే ఇదంతా పాడవుతుంది, ఇంకో ర్యాంకుల జాబితా తయారవుతుంది. యాన్యువల్ డేకి బాగా వచ్చిన ఆరుగురిని ఏరడం కూడా అంతే.

గడతాడు

యాన్యువల్ డే సంగతి ఒప్పుకోను. చప్పట్లు చిన్న విషయం కాదు. ఏడాదంతా మార్కులతోనే తెలిసిన పిల్లని నలుగురూ ఇంకో రకంగా చూసే రోజది. ఆరుగురిని ఏరకండి, 40 మందినీ ఎక్కించండి. బంతి పడితే తీసుకోవడం కూడా ఆటలో భాగంగా కూర్చండి. రానన్నవాళ్లు డప్పు కొట్టొచ్చు, గుడ్డలు అందించొచ్చు.

అచ్చనగాయ

వేదిక భయం ఉన్న పిల్లకి డప్పు కొట్టడమూ వేదికెక్కడమే. ఇంటివాళ్ల ముందు కాకుండా మొదటి జట్టు రెండో జట్టుకి నేర్పే రోజు పెట్టండి. అంతవరకైతే ఒప్పుకుంటాను.

నీలిగొడుగు

అందరికీ ధన్యవాదాలు. యాజమాన్యానికి ఇలా రాసి పంపుతున్నాను: కౌన్సెలర్ నియామకం ఆగకూడదు, సిల్క్ తీసేయాలి, కరపత్రంలో థెరపీ అన్న మాట ఉండకూడదు, పేరు "జగ్లింగ్ క్లాసు" చాలు. ప్రదర్శన పెట్టాలా వద్దా అన్నది పిల్లల్నే అడుగుతాం. బంతులు కొనడానికి డబ్బు మిగలదు, టెన్నిస్ బంతులు సరిపోతాయా?

అచ్చనగాయ

సరిపోవు. 58 గ్రాములే ఉంటాయి, చేతిలో పడినట్టు తెలియదు. పడితే ఎగిరి మంచాల కిందికి దొర్లుతాయి, క్లాసంతా వెతుకులాటే. ఇంట్లో చేసుకోండి. ఒక్కో బంతికి 120 గ్రాముల కొర్రలు పల్చటి ప్లాస్టిక్ కవర్లో పోసి, గాలి తీసి, ముడి వెయ్యండి. బుడగ మెడ కత్తిరించి దాని మీద తొడగండి. రెండో బుడగను ఎదురు వైపు నుంచి తొడిగితే మొదటిదాని మూతి మూసుకుపోతుంది. సుమారు ఆరున్నర సెంటీమీటర్ల బంతి వస్తుంది, పడిన చోటే ఉంటుంది. బియ్యమైనా ఫరవాలేదు, కానీ వర్షాకాలంలో పురుగు పడుతుంది. ఏ గింజలైనా ముందు ఒక రోజు ఎండబెట్టండి. రెండు జట్లు ఒకేసారి ఆడవు కాబట్టి 20 మందికి 60 బంతులు చాలు: కొర్రలు 7 కిలోల 200 గ్రాములు, బుడగలు 120. చిరిగేవాటికి ఇంకో 20 ఎక్కువ తెచ్చుకోండి. మొదటి క్లాసులో పిల్లలచేతే చేయిస్తే ఎవరి బంతులు వాళ్లకే ఉంటాయి.